రొమ్ము కేన్సర్ హార్మోన్ మాత్ర పల్లె దవాఖానా దాకా రావాలి: రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, ఎన్టీఆర్ వైద్య సేవ, రాజీవ్ ఆరోగ్యశ్రీ ట్రస్టుల అధికారులకు నమస్కారాలు.

రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక చాలామందికి మిగిలేది రోజుకొక చిన్న మాత్ర. టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, లేదంటే లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు. తక్కువలో తక్కువ 5 ఏళ్ళు, కొందరికి 10 ఏళ్ళు వాడాలి. టామాక్సిఫెన్ 5 ఏళ్ళు వాడినవారిలో 15 ఏళ్ళ కాలంలో రొమ్ము కేన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని, పలు దేశాల పరీక్షల సమాచారాన్ని కలిపి 2011లో చేసిన విశ్లేషణ తేల్చింది. మందు ఆపేశాక కూడా ఆ మేలు ఏళ్ళ తరబడి నిలిచింది. ఇంత చవకలో ఇంత పని చేసే కేన్సర్ మందు ఇంకొకటి చూపించడం కష్టం. అలాంటి మందు మన దగ్గర పెద్దాసుపత్రి గేటు దాటాక దిక్కులేనిదవుతోంది. కొందరికి అసలు మొదలే కాదు, కొందరికి తప్పు మాత్ర మొదలవుతుంది, ఎందరో రెండో ఏడో మూడో ఏడో వచ్చేసరికి మానేస్తారు.

కేన్సర్ వైద్యం, పాథాలజీ, ఫార్మసీ, నర్సింగ్ పనుల్లో ఉన్నవాళ్ళం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం ముఖ్యంగా అడిగేవి రెండు. బీపీ, షుగర్ గోళీలు ఇచ్చే చోటే ఈ మాత్ర కూడా నెలనెలా ఇవ్వండి. మాత్రతోపాటు ప్రతి రోగి చేతిలో ఒక కార్డు పెట్టండి. ఆ కార్డులో ఏం ఉండాలో, అది లేకపోతే ఎక్కడ దెబ్బ తింటామో కింద వివరంగా రాస్తున్నాం.

ముందు మందు సంగతి. రొమ్ము కేన్సర్లలో సగానికి పైగా ఈస్ట్రోజెన్ హార్మోన్ మీద ఆధారపడి పెరిగేవే. టామాక్సిఫెన్ రొమ్ము కణంలో ఈస్ట్రోజెన్‌ను అందుకునే గ్రాహకంలో తానే కూర్చుని హార్మోన్‌కు చోటు లేకుండా చేస్తుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉన్నా కణం దాన్ని అందుకోలేదు. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ చేసే పని వేరు. ముట్లుడిగిన తర్వాత అండాశయాలు నిలిచిపోయినా కొవ్వులో, కండరాల్లో, కాలేయంలో అరోమటేజ్ అనే ఎంజైమ్ కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ తయారుచేస్తూ ఉంటుంది. ఈ మూడూ ఆ తయారీనే ఆపుతాయి. ఒకటి హార్మోన్ పనిని అడ్డుకునే మందు, రెండోది హార్మోన్ పుట్టుకను అడ్డుకునే మందు. ఈ తేడా తెలియకుండా మార్చి ఇస్తే ఏమవుతుందో తర్వాత చెబుతాం.

అసలు ఈ మాత్ర ఎవరికి పనిచేస్తుందో చెప్పేది గడ్డ ముక్క మీద చేసే ఈఆర్ (ఈస్ట్రోజెన్ గ్రాహకం), పీఆర్ (ప్రొజెస్టిరాన్ గ్రాహకం) పరీక్ష. గ్రాహకాలున్న కణాలకు ఇందులో రంగు పడుతుంది. కణాల్లో 1 శాతానికి రంగు పట్టినా పాజిటివ్ అనే లెక్క. 1 నుంచి 10 శాతం మధ్య ఉంటే తక్కువ పాజిటివ్ అని విడిగా రాయాలి, అలాంటివారికి హార్మోన్ మందు ఎంత పనిచేస్తుందన్నది డాక్టర్ రోగితో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. ఇదంతా ల్యాబ్ లోపలి పని అనుకుంటారుగానీ, ఫలితం చెడిపోయేది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గరే. రొమ్ము తీసేశాక దాన్ని కోయకుండా మొత్తంగా ఫార్మలిన్ డబ్బాలో పడేసి మూత పెడతారు. ఫార్మలిన్ కణజాలంలోకి గంటకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే చొచ్చుకుపోతుంది. కొవ్వున్న చోట ఇంకా నెమ్మది. నాలుగైదు అంగుళాల మందం ఉన్న ముక్క మధ్యలో ఉన్న గడ్డకు ఫార్మలిన్ చేరేలోపే కణాలు చెడిపోవడం మొదలవుతుంది. గ్రాహకాలు నశిస్తాయి, రిపోర్టులో నెగెటివ్ అని వస్తుంది. ఆ ఒక్క మాటతో ఆమెకు హార్మోన్ మాత్ర రాయరు.

చేయాల్సింది ఇది. ముక్క బయటికి వచ్చిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. పడే ముందు అంచులకు ఇంకు పూసి, వెనక వైపు నుంచి అర సెంటీమీటరు మందంతో గాట్లు పెట్టి, ఆ గాట్ల మధ్య గాజుగుడ్డ పెట్టాలి. ద్రవం ముక్కకు 10 రెట్లు ఉండాలి. వాడాల్సింది బఫర్ కలిపిన 10 శాతం ఫార్మలిన్: లీటరుకు బజారులో దొరికే 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మిల్లీలీటర్లు, డిస్టిల్డ్ వాటర్ 900 మిల్లీలీటర్లు, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. బఫర్ లేకుండా కుళాయి నీళ్ళు కలిపిన ఫార్మలిన్ ఆమ్లంగా మారి రంగు పట్టడాన్ని పాడుచేస్తుంది. ఫార్మలిన్‌లో తక్కువలో తక్కువ 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు ఉండాలి. సంక్రాంతి లాంటి వరుస సెలవుల ముందు రోజు ఆపరేషన్ పెట్టుకుంటే ఈ 72 గంటలు ఇట్టే దాటిపోతాయి. ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం డబ్బా మీద రాయడానికి ఒక స్టిక్కర్ చాలు. రెండు రాష్ట్రాల్లోనూ ట్రస్టు కింద ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రికి దీన్ని బిల్లు షరతుగా పెట్టండి. ఇంకా మంచిది, ఆపరేషన్‌కు ముందే సూదితో తీసిన సన్న ముక్క మీద ఈఆర్, పీఆర్ చేయించడం. సన్న ముక్కలోకి ఫార్మలిన్ తొందరగా, సమంగా పడుతుంది.

ల్యాబ్ పక్షాన ఒక్క మాట. గడ్డ పక్కన ఉండే మామూలు పాలనాళాల కణాలకు రంగు పట్టాలి. వాటికీ పట్టకుండా గడ్డకూ పట్టకపోతే అది నెగెటివ్ కాదు, పరీక్షే తప్పింది. అలాంటప్పుడు 'తేల్చలేం, మళ్ళీ చేయాలి' అని రాయాలి. నెమ్మదిగా పెరిగే గ్రేడ్ 1 గడ్డకు నెగెటివ్ వచ్చినా మళ్ళీ చేయించడమే సబబు. రిపోర్టులో 'పాజిటివ్' అన్న మాటొక్కటే కాకుండా శాతం, రంగు తీవ్రత రెండూ ఉండాలి. కార్డులో మొదటి గడి ఇదే: ఈఆర్ ఎంత శాతం, పీఆర్ ఎంత శాతం.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా మన దగ్గరే జరిగే పొరపాటు. అరోమటేజ్‌ను ఆపే లెట్రోజోల్ లాంటి మందు ముట్లుడిగిన వారికే పనిచేస్తుంది. అండాశయాలు పనిచేస్తున్న స్త్రీకి ఒంటరిగా ఇస్తే మెదడుకు ఈస్ట్రోజెన్ తగ్గిందన్న కబురు వెళ్ళి, అండాశయాలను పురిగొల్పే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ పెరిగి, అండాశయాలు మరింత చురుగ్గా పనిచేస్తాయి. ఈస్ట్రోజెన్ తగ్గాల్సింది పోయి పెరగవచ్చు, అండం కూడా విడుదల కావచ్చు. సంతాన సాఫల్య కేంద్రాల్లో ఇదే లెట్రోజోల్‌ను 5 రోజులు వాడించేది అండం విడుదల కావడానికే. 2011లో మన దేశంలో ఆ వాడకాన్ని నిషేధించి, 2017లో మళ్ళీ అనుమతించారు. అందుకే కొన్ని మందుల షాపుల్లో ఈ చీటీ చూసి 'ఇది పిల్లల కోసం వాడే మాత్ర కదమ్మా' అంటారు. 50 ఏళ్ళ ఆమె బిత్తరపోయి మాత్ర పక్కన పెట్టేస్తుంది.

పిన్న వయసులోనే గర్భసంచి తీయించుకోవడం దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు నిండీ నిండకుండా గర్భసంచి పోయిన స్త్రీకి నెలసరి రాదు. నెలసరి రాకపోవడం వేరు, ముట్లుడగడం వేరు. గర్భసంచి తీసినప్పుడు అండాశయాలు వదిలేసి ఉంటే అవి మామూలుగా మరో పదిహేనేళ్ళు పనిచేయవచ్చు. కేన్సర్ ఓపీలో 'నెలసరి వస్తోందా?' అని అడిగితే 'లేదండీ, ఆపరేషన్ అయ్యింది' అంటుంది. రద్దీలో అది ముట్లుడిగినట్టు రాసుకుని లెట్రోజోల్ ఇచ్చేస్తే, 42 ఏళ్ళ ఆమె ఏళ్ళ తరబడి పనిచేయని మాత్ర మింగుతుంది. రక్తస్రావం కనబడే దారి లేదు కాబట్టి తప్పు జరిగిందని ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు.

కీమో తర్వాత ఆగిన నెలసరి కూడా ఇలాంటిదే. నలభైల్లో ఉన్నవారికి కీమోతో నెలసరి ఆగి, ఏడాదికో రెండేళ్ళకో అండాశయాలు మళ్ళీ మేలుకోవచ్చు. టామాక్సిఫెన్ వాడుతున్నప్పుడు నెలసరి ఆగినా అది లెక్కలోకి రాదు.

కాబట్టి లెట్రోజోల్ రాసే ముందు పాటించాల్సిన నియమం ఇలా ఉండాలి. 60 దాటినవారికి, రెండు అండాశయాలూ తీసేశారని కాగితం ఉన్నవారికి నేరుగా ఇవ్వవచ్చు. 60 లోపువారికి కీమో, టామాక్సిఫెన్ ఏమీ లేకుండా 12 నెలలు వరుసగా నెలసరి ఆగి ఉండాలి, ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ (ఒంట్లోని ప్రధాన ఈస్ట్రోజెన్) కూడా ముట్లుడిగిన స్థాయిలో ఉండాలి. గర్భసంచి లేనివారికి రక్త పరీక్షే ఆధారం, ఒకసారి కాకుండా కొన్ని వారాల తేడాతో రెండుసార్లు చూడాలి. స్కానింగ్‌లో అండాశయాలు కనబడలేదన్నంత మాత్రాన తీసేసినట్టు కాదు. ఏమాత్రం అనుమానం ఉన్నా టామాక్సిఫెన్ ఇవ్వండి. అది ముట్లుడిగినవారికీ, ఉడగనివారికీ పనిచేస్తుంది. లెట్రోజోల్ వాడుతుండగా ఎర్రచారిక కనబడినా, నెలసరి మళ్ళీ మొదలైనా మాత్ర పనిచేయడం లేదని భావించి వెంటనే పంపాలి.

ఈస్ట్రడయాల్ పరీక్షలోనూ ఒక చిక్కుంది. మామూలు ల్యాబ్ యంత్రాలు సంతాన సమస్యల స్థాయులు కొలవడానికి తయారైనవి. అరోమటేజ్ మందు మీద ఉన్నవారిలో ఉండే అతి తక్కువ స్థాయిని అవి నమ్మదగినట్టు చెప్పలేవు. ఎక్సెమెస్టేన్ వాడేవారిలో ఆ మందే ఈస్ట్రడయాల్‌గా లెక్కకు వచ్చి అంకె అబద్ధంగా పెరుగుతుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతిలో చేస్తే సరైన అంకె వస్తుంది. రాష్ట్రానికి ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో ఆ ఏర్పాటు చేసి నమూనాలు అక్కడికి పంపించే పద్ధతి పెడితే చాలు.

కేన్సర్ తిరగబెట్టే ముప్పు ఎక్కువగా ఉన్న చిన్న వయసు స్త్రీలకు అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్ కలిపి ఇస్తారు. గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాములు 28 రోజులకోసారి బొడ్డుకు దిగువన పొట్ట చర్మం కింద, లేదా ల్యూప్రోలైడ్ 3.75 మిల్లీగ్రాములు నెలకోసారి. ఇక్కడ గడువే ప్రాణం. ఇంజెక్షన్ రెండు వారాలు ఆలస్యమైతే అండాశయాలు మేలుకుంటాయి, దానితోపాటు వేసుకునే లెట్రోజోల్ వాటిని ఇంకా ఉసిగొలుపుతుంది. మందు రాలేదు, వచ్చే నెల రండి అని తిప్పి పంపితే ఆమెకు ఇంజెక్షన్ పోవడమే కాదు, మాత్ర కూడా ఎదురు తిరుగుతుంది. అలాంటి నెలలో లెట్రోజోల్ సంగతి ఏం చేయాలో కేన్సర్ డాక్టర్‌ను ఫోన్‌లో అడిగి తేల్చుకోవాలని నర్సులకు చెప్పి ఉంచాలి. గోసెరెలిన్ సూది లావుగా ఉంటుంది, పొట్ట గోడలోని రక్తనాళానికి తగిలితే లోపల రక్తం గూడుకట్టవచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారేమో అడగకుండా వేయకూడదు. కార్డులో రెండో గడి: ముట్లుడిగిందా లేదా, ఏ ఆధారంతో అలా తేల్చారు, గర్భసంచి ఉందా, అండాశయాలు ఉన్నాయా.

మాత్ర మొదలయ్యాక అది ఆగిపోవడానికి మొదటి కారణం బాధలే. లెట్రోజోల్ వాడేవారికి కీళ్ళు పట్టేస్తాయి. పొద్దున లేవగానే పిడికిలి ముడవలేరు, చీర కుచ్చిళ్ళు పట్టుకోలేరు, మడమ కింద పెడితే పోటు. ఊళ్ళో చూపిస్తే కీళ్ళవాతం అని నొప్పి గోళీలు, కొన్నిచోట్ల స్టెరాయిడ్ కూడా ఇస్తారు. రోగి తనే ఒకరోజు మాత్ర మానేసి చూస్తుంది, కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది, ఇక ముట్టదు. ఈ నొప్పికి దారులున్నాయి. విటమిన్ డి చూసి లోటుంటే సరిచేయాలి. రోజూ నడక, కీళ్ళు కదిలించే వ్యాయామం నిజంగా ఉపశమనం ఇస్తాయి. అయినా తగ్గకపోతే కొన్ని వారాలు ఆపి అనస్ట్రోజోల్ 1 మిల్లీగ్రాముకో, ఎక్సెమెస్టేన్ 25 మిల్లీగ్రాములకో మారిస్తే చాలామందికి సరిపడుతుంది. ఎక్సెమెస్టేన్ భోజనం తర్వాతే వేసుకోవాలి. ఏదీ పడకపోతే టామాక్సిఫెన్ ఉండనే ఉంది. మాత్ర మార్చవచ్చు, మానకూడదు అన్న ఒక్క మాట కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ ఎముకను గుల్లబారుస్తాయి. రోజుకు ఆహారంతో కలిపి 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం, విటమిన్ డి అందాలి. ఎముక సాంద్రత చూసే డెక్సా యంత్రం అన్ని జిల్లాల్లో లేదు, ఉన్న చోటుకు మొదట్లోనూ, తర్వాత రెండేళ్ళకోసారీ పంపండి. ముప్పు ఉన్నవారికి జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాములు ఆరు నెలలకోసారి, 15 నిమిషాలకు తగ్గకుండా సెలైన్‌లో ఎక్కించాలి. ఎక్కించే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, కాల్షియం, పళ్ళు మూడూ చూడాలి. పన్ను పీకించే పని ఉంటే ముందే చేయించుకోవాలి, తర్వాత పీకితే దవడ ఎముక మానకపోవచ్చు.

టామాక్సిఫెన్‌కు వేడి సెగలు ఎక్కువ. ఒంట్లోంచి ఆవిర్లు లేచి, చెమటలు పట్టి, రాత్రి నిద్ర ఉండదు. ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉంది. నిద్ర లేదు, దిగులుగా ఉందంటే చాలాచోట్ల పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ రాస్తారు. టామాక్సిఫెన్ కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ ద్వారా ఎండాక్సిఫెన్‌గా మారితేనే పూర్తి బలం వస్తుంది. పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటాయి. డ్యులోక్సెటిన్ కూడా కొంత అడ్డుకుంటుంది. వీటి బదులు వెన్లాఫాక్సిన్ 37.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 75 దాకా పెంచవచ్చు, లేదంటే రాత్రిపూట గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు. ఎస్సిటాలోప్రామ్ కూడా పనికొస్తుంది. సెగలకని ఈస్ట్రోజెన్ మాత్రలుగానీ, అలాగే పనిచేసే టిబోలోన్‌గానీ ఇవ్వనే కూడదు. రెండింటి మీదా జరిగిన పరీక్షల్లో కేన్సర్ తిరగబెట్టడం ఎక్కువైంది.

మన దగ్గర అంతకన్నా ముఖ్యమైంది క్షయ మందు. రిఫాంపిసిన్ మొదలుపెడితే రక్తంలో టామాక్సిఫెన్ 80 శాతానికి పైగా పడిపోతుంది. రోజూ మాత్ర వేసుకుంటున్నా వేసుకోనట్టే. క్షయ మందు ఆపే ప్రశ్నే లేదు. ఆ ఆరు నెలలు హార్మోన్ చికిత్స ఎలా నడపాలో కేన్సర్ డాక్టర్ నిర్ణయించాలి. క్షయ విభాగం వారు మందు మొదలుపెట్టే ముందు అడిగే ప్రశ్నల్లో 'రొమ్ము కేన్సర్ మాత్ర వాడుతున్నారా' అన్నది చేర్చడానికి ఒక సర్క్యులర్ చాలు. వార్ఫరిన్ వాడేవారికి టామాక్సిఫెన్ ఇస్తే రక్తం ప్రమాదకరంగా పలచబడుతుంది. ఇవన్నీ కార్డు వెనక ఉండాలి, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, ఏ షాపులో మందు కొన్నా చూపించేలా.

టామాక్సిఫెన్ గర్భసంచి లోపలి పొరను మందం చేస్తుంది. స్కానింగ్‌లో ఆ పొర నీటి బుడగలతో భయపెట్టేలా కనిపిస్తుంది, అది చాలాసార్లు కేన్సర్ కాదు. ఏ ఇబ్బందీ లేని స్త్రీకి ఏటేటా గర్భసంచి స్కాన్ చేయించాల్సిన పని లేదు. చేయిస్తే 'పొర లావైంది, తీసేద్దాం' అనే మాట వస్తుంది, మన రాష్ట్రాల్లో ఆ మాట ఎంత తేలిగ్గా వస్తుందో అందరికీ తెలుసు. కానీ ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనబడినా, నెలసరి తీరు మారినా ఆలస్యం చేయకుండా స్కాన్ చేసి, పొర ముక్క తీసి పరీక్షించాలి. గర్భసంచి కేన్సర్ ముప్పు కొద్దిదే అయినా నిజమైనది, ముఖ్యంగా 50 దాటినవారికి. పిక్కలో ఒక వైపే వాపు, నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం వస్తే నరాల్లో రక్తం గడ్డకట్టిందేమోనని అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. ఏ ఆపరేషన్‌కు వెళ్ళినా టామాక్సిఫెన్ వాడుతున్నట్టు సర్జన్‌కు ముందే చెప్పాలి.

టామాక్సిఫెన్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. మన దగ్గర చాలామందికి పిల్లల ఆపరేషన్ అయి ఉంటుంది కాబట్టి ఈ మాట అడగరు. అవని వారిని అడిగి, రాగి తీగ ఉన్న కాపర్ టీ వేయించాలి. గర్భనిరోధక మాత్రలు, ఇంజెక్షన్లు పనికిరావు, అవీ హార్మోన్లే. బిడ్డ కావాలనుకునే యువతులకు కూడా దారి ఉంది. ఏడాదిన్నర నుంచి రెండున్నర ఏళ్ళు మందు వాడాక, డాక్టర్ పర్యవేక్షణలో రెండేళ్ళ దాకా విరామం ఇచ్చి మళ్ళీ మొదలుపెట్టినవారిలో స్వల్పకాలంలో కేన్సర్ తిరగబెట్టడం పెరగలేదని 2023లో వెలువడిన అంతర్జాతీయ పరీక్ష చూపింది. ఈ సంగతి చెప్పకపోతే వాళ్ళు ఎవరితోనూ అనకుండా తమంతట తామే మాత్ర మానేస్తారు.

ఇక సరఫరా. 5 ఏళ్ళంటే 1,826 మాత్రలు. టామాక్సిఫెన్, లెట్రోజోల్ రెండూ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ధర పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి దూరం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో, పాడేరు నుంచి విశాఖకో మాత్రల కోసమే నెలనెలా వెళ్ళాలంటే బస్సు చార్జీ, పోయిన కూలి కలిపి మాత్రల ఖరీదును మించిపోతాయి. ఒక నెల తప్పుతుంది, రెండో నెల తప్పుతుంది, ఆరోగ్యంగానే ఉన్నాం కదా అనిపిస్తుంది. రేడియేషన్ అయిపోయిన రోజు 'చికిత్స పూర్తయింది' అన్న మాట విన్నవారు ఈ మాత్రను బలం గోళీ అనుకునేదీ అందుకే. చికిత్స పూర్తి కాలేదని, ఇప్పుడు రెండో సగం మొదలైందని డిశ్చార్జ్ కాగితంలో తెలుగులో రాయించండి.

ఏర్పాటు ఇలా ఉండవచ్చు. మందు రాసేదీ, మార్చేదీ కేన్సర్ ఆసుపత్రే. ఆరు నెలలకోసారి రోగి అక్కడికి వెళ్తుంది. మధ్యలో ఇచ్చేది ఆమె ఊరి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్, పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా. రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆసుపత్రులకు మందులు కొనే సంస్థలు ఏపీఎంఎస్ఐడీసీ, టీజీఎంఎస్ఐడీసీల సాధారణ మందుల ఇండెంట్‌లో టామాక్సిఫెన్ 20, లెట్రోజోల్ 2.5 చేర్చాలి. ప్రతి పీహెచ్‌సీలో నిల్వ పెట్టి గడువు తీర్చేయనక్కర్లేదు. ఏ పీహెచ్‌సీ పరిధిలో ఎందరున్నారో ట్రస్టుల దగ్గర పేర్లతో సహా ఉంది, ఆ లెక్కన మూడు నెలల మందు రోగి పేరు మీద జిల్లా మందుల గిడ్డంగి నుంచి పంపితే సరిపోతుంది. ఒకటే కంపెనీ మాత్ర ఎప్పుడూ రాకపోవచ్చు. డబ్బా రంగు మారితే 'ఇదే మందు, పేరు వేరు' అని చెప్పి ఇవ్వాలి, చెప్పకపోతే రెండు డబ్బాలూ కలిపి వేసుకునేవారుంటారు. టామాక్సిఫెన్, లెట్రోజోల్ ఒకేసారి వేసుకోకూడదు. ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ, తేమ తగలని చోట ఉంటే చాలు.

మాత్ర ఇచ్చే ఏఎన్ఎం ఆ రెండు నిమిషాల్లోనే అడగాల్సినవి అడుగుతుంది: పోయిన నెల ఎన్ని మిగిలాయి, రక్తం కనబడిందా, కాలు వాచిందా, కొత్త మందు ఏదైనా మొదలైందా, కీళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి. ఒకరోజు మర్చిపోతే మర్నాడు ఒక్కటే వేసుకోవాలి, రెండు కాదు. టామాక్సిఫెన్ ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఒకరోజుతో నష్టం లేదు. వారాలు దాటితేనే ముప్పు. నెల మందు తీసుకోని వారి పేరు ఆశా కార్యకర్త ఫోన్‌కు వెళ్ళాలి. బీపీ రోగులకు ఈ పద్ధతి ఇప్పటికే ఉంది.

పురుషుల ప్రోస్టేట్ కేన్సర్‌కు వాడే హార్మోన్ మందుల్లోనూ ఇదే కార్డు అవసరం. ల్యూప్రోలైడ్ 22.5 మిల్లీగ్రాములు మూడు నెలలకోసారి ఇస్తారు. మొదటి ఇంజెక్షన్‌తో కొన్ని రోజులు ఈ కేన్సర్‌ను పెంచే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పడిపోయే బదులు ఎగబాకుతుంది. వెన్నెముకకు కేన్సర్ పాకినవారికి ఆ కొద్ది రోజుల్లోనే కాళ్ళు చచ్చుబడవచ్చు. అందుకే ఆ హార్మోన్ పనిని అడ్డుకునే బైకాలుటమైడ్ 50 మిల్లీగ్రాములు ముందు మొదలుపెట్టి కొన్ని వారాలు కొనసాగించాలి. ఇంజెక్షన్ కోసం తిరగలేని వారికి వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ అదే పని ఒక్క రోజులో చేస్తుంది, ఆ దారి ఉందని గౌరవంగా చెప్పి, నిర్ణయం రోగికే వదలాలి. ఇదే కేన్సర్‌కు ఇచ్చే అబిరాటెరోన్ 1,000 మిల్లీగ్రాములు ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. కొవ్వు తిండితో వేసుకుంటే రక్తంలో మందు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దానితో ఇచ్చే ప్రెడ్నిసోలోన్ 'స్టెరాయిడ్ కదా' అని ఎవరైనా ఆపించేస్తే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది.

పై వాటిలో వేటికీ కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. ఫార్మలిన్ స్టిక్కర్, ముట్లుడగడం తేల్చే నియమం, క్షయ విభాగానికి సర్క్యులర్ నెలలోపు వెళ్ళగలవు. మాత్రల ఇండెంట్ వచ్చే త్రైమాసికంలో పెట్టవచ్చు. ముందుగా ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లాలు తీసుకుని, మాత్ర మొదలుపెట్టినవారిలో ఏడాది చివర ఎందరు ఇంకా వాడుతున్నారో లెక్క బయటపెట్టండి. కార్డు నమూనా తెలుగులోనూ, ఉర్దూలోనూ తయారుచేసి ఇవ్వడానికి, ఏఎన్ఎంలకు, ఫార్మసిస్టులకు ఒక పూట శిక్షణ చెప్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
కేన్సర్ వైద్యం, పాథాలజీ, ఫార్మసీ, నర్సింగ్ రంగాల్లో పనిచేస్తున్నవారం